మణెమ్మ మెత్తిన గోడ

ఏ గోడ పక్కన నిలబడినా కృపావరం బొటనవేలి గోరుతో దాన్ని గీకేవాడు. సున్నం రాలేది. కింద ఇంకో పూత, దాని కింద నీలమో పసుపో. మన్ను కనిపించేదాకా గీకేవాడు. చర్చి గోడైనా అంతే, బస్టాండు గోడైనా అంతే. ఒకసారి పిల్లను చూడడానికి పోయిన ఇంట్లోనూ గీకాడు. పిల్ల తండ్రి ఆ సంబంధం వద్దన్నాడు. "ఈపొద్దు గోడలు గీకుతాండాడు. రేపు నా కూతురి బతుకు గీకుతాడు" అన్నాడట. కృపావరం బాధపడలేదు. ఆ ఇంటి మన్ను నల్లది. అతనికి కావలసింది ఎర్రది.

అతను నంద్యాలలో బోర్డులు రాసేవాడు. వారానికోసారి ఆళ్లగడ్డ పోయి, శిల్పుల దగ్గర రాళ్ళ మీద అక్షరాలు గీసి వచ్చేవాడు. సమాధి రాళ్ళు, శంకుస్థాపన రాళ్ళు. అతను గీసిన గీత మీద వాళ్ళు ఉలి నడిపేవారు. ఆ శిల్పుల్లో పుల్లయ్య అతనికి స్నేహితుడు. పుల్లయ్యకు అన్నం పెట్టేది దేవుళ్ళ విగ్రహాలు. పొద్దు మిగిలితే జనం పారేసిన రోళ్ళు, అరిగిన విసుర్రాళ్ళు ఏరుకొచ్చి ఒకదాని మీద ఒకటి నిలిపేవాడు. వాటికి ఉలి తగిలీ తగలనట్టు తగిలించేవాడు. నడుమ అరిగిపోయిన ఒక రోలు అలా నోరు తెరిచిన ముసలమ్మ అయింది.

కృపావరం తల్లి మణెమ్మ. పాణ్యం దగ్గరి పల్లెలో చెన్నకేశవులు మిద్దెకు ఏటా ఎర్రమన్ను మెత్తి సున్నం కొట్టేది ఆమే. వసారా దాటి లోపలికి పోకూడదు. లోపలి గోడలకు వేరే మనుషులు.

డెబ్భై ఒకటిలో, ఉగాది ముందు, ఆ ఇంట్లో వెండి గిన్నె కనిపించలేదు. చెన్నకేశవులు ఎవరినీ అడగలేదు. మణెమ్మను పిలిచి, ఆమె మెత్తిన వసారా గోడకే, తడి ఆరకముందే, ముఖం ఆనించి నిలబెట్టాడు. పొద్దుగూకే దాకా నిలబెట్టాడు. ఊరు వచ్చి చూసి పోయింది. ఇంటికి తిరిగి వచ్చిన మణెమ్మ నుదుట మన్ను ఎర్రగా అంటుకుని ఉంది. బొట్టు పెట్టని కిరస్తానీ ఇల్లు అది. ఆమె కడుక్కోలేదు. తనంతట ఎండి రాలిపోయే దాకా ఉంచుకుంది.

వానలకు ముందు జొన్నల పాతర తెరిచారు. గింజలు తోడుతుంటే గిన్నె బయటపడింది. చెన్నకేశవులు భార్య ఉమామహేశ్వరమ్మ దాన్ని కొంగుతో తుడిచి లోపలికి తీసుకుపోయింది. చూసినవాళ్ళు చూశారు. చెన్నకేశవులు మాత్రం ఏమీ అనలేదు. మణెమ్మ మళ్ళీ ఏ గోడా మెత్తలేదు. కొడుకుతో నంద్యాల వచ్చి, మూడేళ్ళకు పోయింది. ఆమె సమాధి రాయి మీద అక్షరాలు గీసినవాడు కృపావరం, చెక్కినవాడు పుల్లయ్య.

మణెమ్మ తీయలేదు. ఈ ఒక్క మాట చెన్నకేశవులు నోటి నుంచి, ఆ గోడ దగ్గర, ఊరి ముందు రావాలి. కృపావరం బతుకులో మిగతావన్నీ ఈ మాట కోసం ఎదురుచూసే పనులే.

ఎనభైలో నంద్యాలలో ఒక బడి హాలులో ఇద్దరూ తమ పనులు పెట్టారు. పుల్లయ్యవి పాత రాళ్ళు. కృపావరానివి పడగొట్టిన ఇళ్ళ తలుపుల మీద వేసిన బొమ్మలు. పెచ్చులూడిన గోడలు, దీపం లేని గూళ్ళు, తుప్పు పట్టిన గిలకలు. అన్నిటికన్నా పెద్ద తలుపు మీద చెన్నకేశవులు మిద్దె ఉంది. అచ్చం ఉన్నది ఉన్నట్టే. గోడలో నుంచి వచ్చిన రావి మొలక ఒక్కటే అదనం.

పుల్లయ్య ఆ మొలకనే చూశాడు. "ఏందప్పా, మనుషులుండే ఇంటికి రావి మొలిపిస్తివి? పాపం తగల్దా?"

"నీ ఇంటికి మొలిపీలేదు గదా."

"మొలిపీ. నాది బోదగడ్డి కొట్టం. ఏం మొలిచినా మేకకు మేతే."

హాలు ఖాళీ చేశాక కృపావరం ఆ తలుపును తన అంగడి ముందు నిలిపాడు. పాణ్యం బస్సు ఆగేది అక్కడే. ఆ పల్లె మనుషులు సంతకు వచ్చినా, ఆసుపత్రికి వచ్చినా దాన్ని చూడక తప్పదు. కొన్ని నెలలకొకసారి అతను కుంచె తీసి ఒక గీత చేర్చేవాడు. మిద్దె ఎక్కడ నీళ్ళు తాగుతుందో, ఏ మూల ముందు కుంగుతుందో తల్లి వెంట తిరిగి తెలుసుకున్నవాడు. ఈశాన్యం మూల పగులు గీశాడు. నాలుగు నెలలకు అసలు మిద్దెకు ఆ మూలే పగులు వచ్చింది. ముసలి ఇల్లు, ఎప్పుడైనా వచ్చేదే. పల్లె అలా అనుకోలేదు.

ఎనభై మూడు ఎండాకాలంలో అతను కప్పును కూలగొట్టాడు. బొమ్మలో దూలం విరిగి వసారాలోకి వేలాడింది.

మిద్దెకు ఏటా వానలకు ముందు చౌడు మన్ను పోయాలి. పోయకపోతే కప్పు కారుతుంది. ఆ పల్లెలో చౌడు పోసే గుంపుకు రామయ్య పెద్ద. ఆ ఏడు అతను నిచ్చెన వేయలేదు.

"బొమ్మల్లో ఇరిగింది రా, నా ఇంట్లో కాదు" అన్నాడు చెన్నకేశవులు.

"పగులూ బొమ్మల్లోనే గద సామీ ముందొచ్చింది? మా కాళ్ళు మాకు కావాల."

పాణ్యం నుంచి పిలిపించిన కూలీలు కూడా నంద్యాలలో బస్సు దిగినప్పుడు ఆ తలుపు చూసినవాళ్ళే. వాళ్ళూ ఎక్కలేదు. మొదటి వానకే వసారా కారింది.

మరుసటి వారం చెన్నకేశవులు అంగడి ముందు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు. కృపావరం లేవలేదు.

"లోపలికి రాండప్పా."

ఆ పిలుపు ముసలాయన చెవికి తగిలింది. మణెమ్మ జన్మలో ఆయన్ను అప్పా అని పిలవలేదు. సామీ అనేది.

"ఆ తలుపు నాకమ్ము."

"అమ్మను."

"కాలబెడ్తా."

"కాలబెట్టు. ఇంకోటి రాస్తా. నంద్యాల్లో పాత తలుపులకు కరువా?"

గొడుగు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏం కావాల్రా నీకు?"

"గిన్నె యాడ దొరికింది?"

"పాతర్లో" అన్నాడు ముసలాయన.

"నాకు తెలుసు. నాకు చెప్పి ఏం లాభం? మా అమ్మను నిలబెట్టిన కాడ నిలబడి, ఆపొద్దు చూసినోళ్ళంతా ఇనేటట్టు చెప్పు. చెప్తే కప్పు రాస్తా. మొలక తీసేస్తా."

"చెప్పకపోతే?"

"వానలు ఇప్పుడే గదా మొదలు."

ఆదివారం చర్చి విడిచాక పల్లె మిద్దె ముందు చేరింది. చెన్నకేశవులు వసారా గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. తలుపు సందులో ఉమామహేశ్వరమ్మ.

"గిన్నె పాతర్లో దొరికింది. మణెమ్మ తీయలేదు."

గోవిందమ్మ అనే ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "గెట్టిగా చెప్పు నాయనా. ఆపొద్దు తిట్టింది నాకు ఆ సందు దాకా ఇనపడ్య. ఈపొద్దు ఇనపడదే!"

ఎవరో నవ్వారు. చెన్నకేశవులు గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. "చాలా?" అని కృపావరాన్ని చూశాడు.

కృపావరం లోపల ఏమన్నా దిగుతుందేమోనని ఆగాడు. ఏమీ దిగలేదు. పన్నెండేళ్ళ మాట, వాన చినుకంత తడి కూడా లేదు. దగ్గరికి వచ్చి, ముసలాయన భుజం పక్కన, గోరుతో గోడను గీకాడు. సున్నం, సున్నం, నీలం, సున్నం. ఆ కింద మణెమ్మ మెత్తిన ఎర్రది. ఆమె తర్వాత ఆ గోడకు మన్ను ఎవరూ మెత్తలేదు. వేలితో తట్టాడు. డొల్లగా పలికింది. కారిన నీళ్ళకు పూత గోడను వదిలేసి ఉంది.

"చాలు" అని నంద్యాల బస్సెక్కాడు. పొద్దు ఉండగానే తలుపు మీద దూలం ఎత్తి కప్పు రాశాడు. పగులు పూడ్చాడు. మొలకను తుడిచేశాడు. ట్రాక్టర్ తెమ్మని ఆళ్లగడ్డలో పుల్లయ్యకు కబురు శనివారమే పోయింది.

మరుసటి పొద్దున పుల్లయ్య రాళ్ళు తోలే ట్రాక్టర్‌లో ఆ తలుపుతో ఇద్దరూ మిద్దె ముందు దిగారు. రామయ్య మనుషులు చూశారు. కప్పు నిండుగా ఉంది. నిచ్చెన వేసి, చౌడు తట్టలతో పైకెక్కారు. కృపావరం వసారాలోకి పోయాడు. పుల్లయ్య దగ్గరి వెడల్పాటి ఉలితో ముందు సున్నం దులిపాడు. ఎర్రమన్ను మీద మణెమ్మ వేళ్ళ చారలు బయటపడ్డాయి, చేటతో చెరిగినట్టు వంపు తిరిగి. తర్వాత ఆ చారల చుట్టూ, ఆడమనిషి నిలబడినంత ఎత్తున, ఉలి దించడం మొదలుపెట్టాడు.

చెన్నకేశవులు పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తాండావ్‌రా? మాట చెప్తి గదా!"

"నువ్వు మాట చెప్తివి, నేను కప్పు రాస్తి. అది అయిపాయ."

"గోడ నాదిరా!"

"నీదేనప్పా. గోడ యాడికీ పోదు. మెత్తింది మా అమ్మది. అదొక్కటే తీస్కపోతాండా."

చెన్నకేశవులు తల ఎత్తి అరిచాడు. "రామయ్యా! దిగి వీణ్ణి పట్టుకోండిరా!"

పైనుంచి రామయ్య గొంతు వచ్చింది. "చౌడు పోయమంటివి, పోస్తాండాం. ఇంకో పని చెప్పుంటే ఇంకో కూలి మాట్లాడుకుందుం."

పైన చౌడు పరుస్తుంటే కింద కృపావరం తల మీద దుమ్ము రాలింది. ఉమామహేశ్వరమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి అతని పక్కన పెట్టి లోపలికి పోయింది. అతను తాగలేదు.

పూత చుట్టూ ఉలి తిరిగాక, పుల్లయ్యా అతనూ కలిసి పూతను గోడ నుంచి మెల్లగా ముందుకు విడిపించి, దాని వెనక తలుపును దూర్చి, తలుపు వెనకవైపు మీదికి వాల్చారు. రెండుచోట్ల పగిలింది. పుల్లయ్య అతికించబోతే కృపావరం చెయ్యి అడ్డం పెట్టాడు. ట్రాక్టర్‌లో జొన్నసొప్ప పరిచి తలుపును పడుకోబెట్టారు. రాసిన మిద్దె కిందికి, మణెమ్మ వేళ్ళు పైకి.

వసారా గోడలో మనిషంత ఖాళీ. లోపలి రాళ్ళు కనబడుతున్నాయి. చెన్నకేశవులు దాని ముందు నిలబడి ఉన్నాడు, ముఖం గోడకు పెట్టి.

కృపావరం ట్రాక్టర్ ఎక్కి తలుపు పక్కన కూర్చున్నాడు. "ఆళ్లగడ్డకు పోనీ, నీ రాళ్ళ కాడికి" అన్నాడు పుల్లయ్యతో.