బావ వీపు మీద లేచిన ప్లాంట్

మా బావ తన రిటైర్మెంట్ సభలో మైకు ముందు నిలబడి "అందరికీ నమస్కారం" అన్నాడు. తర్వాత అతని చెయ్యి వీపు మీదికి పోయింది. ఇంకో మాట అన్నాడు, మళ్లీ పోయింది. మాటకోసారి వీపు గోక్కునే మనిషి ఎంత గొప్ప సంగతి చెప్పినా ఎవరు వింటారు? ముందు వరుస నవ్వింది, దాన్ని చూసి వెనక వరుస నవ్వింది. శాలువా కప్పబోతే "వద్దు సార్, మండుతాంది" అని మైకులోనే చెప్పి బావ దిగిపోయాడు. ఆ సన్మానం మీద నిప్పులు పోసిన ఘనుణ్ణి నేనే. నిదానంగా చెప్తాను. తొందరపడాల్సిందంతా అప్పుడే పడ్డాను.

పాల్వంచ కరెంటు ప్లాంట్‌లో షిఫ్టులు చేసీ చేసీ బావ ఇంట్లో మాట్లాడటం మర్చిపోయాడు. అట్లాంటి మనిషి ఆఖరి రోజున నాలుగు మాటలు మాట్లాడతానని అద్దం ముందు సాధన మొదలుపెట్టాడు. డ్యూటీలో చేరిననాడు తొడిగిన తెల్ల చొక్కానే ఆ రోజూ వేసుకుంటానన్నాడు. అక్క కుట్లు విప్పి వదులు చేసింది గానీ, వీపు నిండా ఉన్న తుప్పు మరకలను ఏమీ చేయలేకపోయింది.

"పారేసి కొత్తది తెద్దాం తమ్మీ" అంది.

నేను అప్పటికే ఫోన్‌లో అచ్చుల అద్దకం వీడియో ఒకటి చూసి ఉన్నాను. అంటే సగం పండితుణ్ణి. మిగతా సగం ధైర్యం. మరకల మీద అచ్చులు వేస్తానన్నాను.

పాత హవాయి చెప్పును బ్లేడుతో చెక్కి, చెక్కముక్కకు అంటించి, ప్లాంట్ కూలింగ్ టవర్ అచ్చు చేశాను. బావ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఏందయ్యా బామ్మర్దీ, నేను ఇన్నేండ్లు కుండలు చేసిన్నా?" అన్నాడు. అయినా ముఖంలో సంతోషం దాగలేదు.

బజారు రంగు పాతగుడ్డ మీద వేసి చూస్తే, ఒక్క ఉతుకుకే నీళ్ల పాలైంది. అప్పుడు నా కన్ను చొక్కా కాలరు మీద పడింది. బట్టలు ఉతికేవాళ్లు గుర్తు కోసం నల్లజీడి రసంతో పెట్టిన చుక్క, ఇన్నేండ్లయినా చెక్కుచెదరలేదు. నల్లజీడి మాకు కొత్తదా? దిష్టికి గుమ్మానికి కట్టేదే. భద్రాచలం పోయి గింజలు తెచ్చి, చితక్కొట్టి, ఆ రసంతో వీపంతా టవర్లు అద్దాను. అద్భుతంగా వచ్చాయి. బావ మురిసిపోయి ముందురోజు సాయంత్రమే తొడుక్కుని, అట్లనే పడుకున్నాడు.

తెల్లారి దురద మొదలైందట. ఉక్కపోత అనుకున్నాడట. సభ నుంచి నేరుగా దవాఖానాకు పోయి చొక్కా విప్పిస్తే, టవర్లన్నీ వీపు మీదికి దిగి ఉన్నాయి. ఎర్రగా, ఉబ్బి, వరుస తప్పకుండా. నా చేతిపని అంత శుభ్రంగా మళ్లీ ఎన్నడూ రాలేదు.

జీడి రసం పనే ఇదని డాక్టరు చెప్పాడు. బయట బెంచీ మీద అక్క నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీకేం కాలేదేందిరా?"

"చేతులకు కవర్లు తొడుక్కున్న అక్కా. ఆ రసం కాలుస్తదని..." అన్నాను. సగంలో ఆగితే బాగుండేది. సగం దాటిపోయింది.

అక్క చేతులు వదిలేసింది. "అంటే నీకు ఎరికే" అంది. 

పేపర్ విలేకరిగా ఎందరి నిర్లక్ష్యమో రాశాను. ప్లాస్టిక్ కవర్లలో చేతులు దాచుకుని పక్కవాడి వీపు మీద ప్రయోగం చేసినవాడి వార్త మాత్రం నా చేతికి రాలేదు.

అందుచేత చదివేవాళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు నా చేతికి తొడుగు కావాల్సిన ఏ పదార్థాన్నీ ఇంకొకరి ఒంటి దాకా పోనివ్వను. చెప్పులు కాళ్లకే వాడతాను.

బావ వీపు మానింది. చొక్కాను అక్క ఏం చేసిందో తెలియదు. ఆ రోజు ఏం చెప్పాలనుకున్నావని వాళ్లింటికి పోయినప్పుడల్లా బావను అడుగుతాను. "అయిపోయిందిలేవయ్యా" అంటాడు. ఆ నాలుగు మాటలు అక్కకు కూడా ఇంతవరకు చెప్పలేదు.