కడిగిన గొంగడి

మా ఇంట్లో కాలాన్ని గొర్రెల ఉన్నితో కొలిచేవాళ్ళు. ఏడాదికి రెండు కత్తిరింపులు. వానలు వెనకబట్టాక ఒకటి, ఎండలు ముదరక ముందు ఒకటి. అంగన్‌వాడీలో పిల్లల బరువులు రాసి రాసి దిగిపోయినదాన్ని కనుక నాకు తేదీలూ వారాలూ బాగానే గుర్తుంటాయి. కానీ ఈ సంగతి మాత్రం కత్తిరింపు లెక్కలోనే మనసులో నిలిచింది. తెలంగాణ వచ్చిన తర్వాత తొమ్మిదో కత్తిరింపు అయిన కార్తీకం. బుధవారం. మా మరదలు ఇప్పటికీ గురువారం అంటుంది. నేను ఒప్పుకోను.

అయినా ఆ రోజును తలచుకుంటే మొదట కళ్ళ ముందుకు వచ్చేది వారం కాదు, నీళ్ళు. నందికొండ దగ్గర ఆనకట్ట వెనక నిలిచిన కృష్ణ నీళ్ళు. పొద్దున్నే మంచులో ఆవలి ఒడ్డు కనపడలేదు. నీళ్ళు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. మెట్ట పొలాల్లో పుట్టి పెరిగినదాన్ని, అన్ని నీళ్ళు ఒకచోట చూస్తే నాకు నిద్రలో నడుస్తున్నట్టే ఉంటుంది.

మక్తల్ దగ్గరి మా ఊళ్ళో గొంగడి నేసేవాళ్ళలో మిగిలింది మా తమ్ముడొక్కడే. ఉన్ని వడికేది నేను. మంగోలియా నుంచి పెద్దవాళ్ళు కొందరు నందికొండలో బౌద్ధుల చోటు చూడడానికి వస్తున్నారనీ, వాళ్ళదీ గొర్రెల మీద బతికే దేశమే కనుక మన గొంగడి చూపించాలనీ తమ్ముడికి సర్కారు నుంచి కబురొచ్చింది. నచ్చితే రెండు దేశాల మధ్య ఉన్ని పనివాళ్ళ రాకపోకలు మొదలవుతాయని చెప్పారు. కబురు విన్నప్పటి నుంచి తమ్ముడు ఒకటే మాట.

"గొర్రెల దేశపోళ్ళు మెచ్చితే మగ్గం ఉంటదక్కా. గాళ్ళు గూడ వద్దంటే ఈ చలికాలంల గుంత పూడ్చి సిమెంటు ఏస్త. గొర్లు కాసెటోళ్ళే రెయిన్‌కోట్లు ఏసుకుంటున్రు. ఇంక ఎవరి కోసం నేయాలె?"

ఆ మగ్గం గుంతను మా నాయిన తవ్వాడు. మగ్గం ముందు కూర్చుంటే ఆయన నడుము దాకా భూమిలో ఉండేవాడు. చిన్నప్పుడు నాకు మా నాయిన సగం మనిషి, సగం నేల అనిపించేది. గుంత ఒడ్డున కూర్చుని వడుకుతుంటే కింద నుంచి చల్లటి మట్టి వాసన, పైన ఉన్ని వాసన. మధ్యాహ్నం ఎండలో ఊరంతా కునుకు తీస్తున్నప్పుడు మగ్గం చప్పుడు ఒక్కటే వినపడేది. ఉన్ని ఇచ్చే మా నల్ల గొర్రెలను సగానికి పైగా అప్పటికే అమ్మి, మాంసం గొర్రెలు కొన్నాడు తమ్ముడు. కొత్త గొర్రెలకు వెంట్రుకే గానీ ఉన్ని లేదు.

మహబూబ్‌నగర్‌లో ఒక బస్సు, దేవరకొండలో ఒక బస్సు మారి ముందురోజు సాయంత్రానికి తమ్ముడూ మరదలూ నేనూ నందికొండ చేరాము. పొద్దున నీళ్ళ ఒడ్డున షామియానా కింద మాకొక బల్ల ఇచ్చారు. మరదలు దుప్పట్లో చుట్టి తెచ్చిన కొత్త గొంగడిని తమ్ముడు విప్పాడు. అది బల్ల మీద నీళ్ళలా జారి కింద పడింది. గుప్పున అత్తరు వాసన.

తమ్ముడు దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఏం చేసినవే దీన్ని?"

"ఏం చేసిన? ఉతికిన," అన్నది మరదలు. "దేశం గాని దేశం నుంచి వచ్చెటోళ్ళ ముక్కుకు గొర్రె కంపు కొట్టాల్నా? నువ్వు మక్తల్ సంతకు పోయిన నాడు సర్ఫు ఏసి రెండు సార్లు పిండిన. మహబూబ్‌నగర్ల దిగినప్పుడు అత్తరు గూడ కొని రాసిన. చూడు, ఎంత మెత్తగైందో."

"మెత్తగైందా! గొంగడి మెత్తగుంటదానే? గంజి అంత పోయింది. గిది గొంగడి గాదు, దవాఖాన దుప్పటి."

మా గొంగడికి చింతగింజల గంజి పెడతాము. గింజలు వేయించి, పొట్టు తీసి, పిండి పట్టి, ఉడికించి, కుంచెతో రుద్ది ఎండబెడితే గొంగడి అట్టలా బిగుస్తుంది. అప్పుడే వాన చినుకు దాని మీద నిలవకుండా జారిపోతుంది. కాపరి దాన్ని తల మీద కప్పుకుంటే చిన్న గుడిసెలా నిలబడుతుంది. మరదలు మర్యాద కోసమే చేసింది. కానీ ఉతికేసింది గొంగడితనాన్నే.

"వదినె, నువ్వైన చెప్పు, గలీజుగ ఉంటే బాగుంటదా?" అని మరదలు నా వైపు తిరిగింది. చెప్పడానికి సమయం లేకపోయింది. అతిథులు వచ్చేశారు.

వాళ్ళలో ఒకామె ఉంది. ఇంచుమించు నా వయసే. వెడల్పు బుగ్గలు, చలికి పగిలిన చర్మం, పొడుగు కోటు, దాని మీద పసుప్పచ్చ నడికట్టు. ఉన్ని సంగతులు తెలిసిన మనిషని దుబాసి చెప్పాడు. దుబాసి హైదరాబాదాయన. మిగతావాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే ఆమె వంగి గొంగడి అంచును పట్టుకుంది. గిల్లింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ కింద పెట్టి ఏదో చిన్నగా అన్నది.

"చాలా బాగుందంటున్నారు," అన్నాడు దుబాసి.

"ఆమె అట్ల అనలే బాబూ," అన్నాను. "ఆమె మొకం నేను చూస్తనే ఉన్న. ఉన్నదున్నట్టు చెప్పు."

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "ఇది నిజంగా గొర్రె ఉన్నియేనా అని అడిగారమ్మా."

తమ్ముడు గొంగడిని మడవడం మొదలుపెట్టాడు. చాలా మెల్లగా, శవానికి బట్ట కప్పేవాడిలా. గుంత మీద సిమెంటు పడిన చప్పుడు నాకు వినపడింది.

ఆమె వెళ్ళిపోబోతూ ఆగింది. నేను కుర్చీలో నా పాత గొంగడి మడతపెట్టుకుని కూర్చున్నాను. బస్సు కుదుపులకు నడుము పట్టేస్తుందని తెచ్చుకున్నది. దాని అంచు కిందికి వేలాడుతోంది. ఆమె వేలు చూపించింది. లేచి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని మొహం దాంట్లో పెట్టింది. చాలాసేపు తీయలేదు. వెనక నీళ్ళ మీద మంచు విడిపోతోంది. ఆమె అక్కడే నిలబడి ఎక్కడికో వెళ్ళిపోయిందని నాకు తెలిసింది. నేనెన్నడూ చూడని గడ్డి మీద, నేనెన్నడూ పడని చలిలో ఎవరో ఆమెను పిలుస్తున్నారు.

తల ఎత్తి ఒక మాట అన్నది. దుబాసి ఈసారి అందంగా మార్చలేదు.

"వాళ్ళమ్మ వాసనట."

అప్పుడు తమ్ముడు ముందుకొచ్చాడు. గంజి సంగతి చెప్పాడు, ఉతికిన సంగతీ చెప్పాడు. చూపించడానికి చింతగింజల పిండీ కుంచెలూ ఒక సంచిలో తెచ్చాం గదా అన్నాడు. పక్కనున్న చాయ్ బండి పొయ్యి అడిగి తీసుకున్నాడు. ఇంతలో అతిథులందరినీ నీళ్ళ మధ్య బౌద్ధుల చోటున్న ద్వీపానికి తీసుకెళ్ళే లాంచీ కూత పెట్టింది. దుబాసి వెళ్ళాడు. ఆమె వెళ్ళలేదు. నడికట్టు విప్పి నాకిచ్చి, కోటు చేతులు పైకి మడుచుకుంది.

ఆ తర్వాత మా మధ్య మాటలు మార్చేవాళ్ళు లేరు. మేము తెలుగులో, ఆమె వాళ్ళ భాషలో మాట్లాడుకున్నాము. చల్లారిన గంజిలో ఆమె వేలు ముంచి నాకి చూసి మొహం చిట్లించింది. ఒడ్డున బండల మీద ఉతికిన గొంగడిని పరిచి నలుగురం కుంచెలతో రుద్దాము. తడి ఉన్ని చేతికి తగలగానే ఆమె అలవాటుగా దాన్ని చాపలా చుట్టబోయింది. వాళ్ళు ఉన్నిని నేయరట, తడిపి, చుట్టి, అదిమి గట్టిపరుస్తారట. తర్వాత దుబాసి చెప్పాడు.

"ఏయ్ సుట్టకమ్మా, సుట్టకు!" అని తమ్ముడు అరిచాడు. ఆమె వదిలేసి పకపకా నవ్వింది. మరదలు తన గుండె మీద చెయ్యేసుకుని, "నేనేనమ్మా ఉతికిన, గీ చేతులతోనే," అంటూ పిండినట్టు చేసి చూపించింది. ఆమె మరదలి చేతి మీద చిన్న దెబ్బ వేసింది. అక్కాచెల్లెళ్ళు వేసుకునే దెబ్బ అది.

కార్తీకపు ఎండ మెత్తగా ఉంది. బండలు మాత్రం కాలుతున్నాయి. గొంగడి ఎండుతుంటే పక్కన కూర్చున్నాము. ఈ నీళ్ళ కింద ఒక లోయ ఉందనీ, అందులో ఒకప్పుడు దూరదేశాల నుంచి సన్యాసులు వచ్చి చదువుకున్నారనీ విన్నాను. నీళ్ళ వైపు చూస్తూ ఉంటే వాళ్ళు కూడా ఇలాగే మాట తెలియక చేతులతో మాట్లాడుకుని ఉంటారు, చలి వేస్తే మా తాతల గొంగడి కప్పుకుని ఉంటారు అనిపించింది. కునుకు పట్టింది. లేచేసరికి ఆమె తల నా భుజం మీద ఉంది.

మధ్యాహ్నం దాటాక తమ్ముడు గొంగడిని నిలబెట్టాడు. నిలబడింది. అత్తరు పోయి ఉన్ని వాసనా గంజి వాసనా మళ్ళీ లేచాయి. ఆమె దాని కింద దూరి కూర్చుంది. తమ్ముడు చెంబుతో పైన నీళ్ళు చల్లాడు. చుక్కలు మిరియాల్లా దొర్లి బండ మీద పడ్డాయి. లోపలి నుంచి నవ్వు వినిపించింది.

సాయంత్రం సభలో రెండు దేశాల జెండాలు పెట్టారు. ఆర్థిక, రాజకీయ, సాంస్కృతిక సంబంధాలు బలపడాలని వచ్చినవాళ్ళందరూ చెప్పారు, పెద్దలు ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టారు. వేదిక మీద ఆమె ఆ గొంగడి కప్పుకునే కూర్చుంది. అటూ ఇటూ ఉన్న పెద్దమనుషులు కుర్చీలు కొంచెం జరుపుకున్నారు. "చూసినవా వదినె, కంపుకు జరిగిన్రు," అన్నది మరదలు నా చెవిలో. ఆ మాట ఆమె ఓడిపోయినట్టు అనలేదు.

వెళ్ళేముందు ఆమె తన సంచిలోంచి బూడిదరంగు ఉన్ని ఆసనం తీసి నా చేతిలో పెట్టింది. వాళ్ళ పద్ధతిలో చేసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గొర్రె వాసనే, కానీ మాకు తెలియని గడ్డి మేసిన గొర్రె.

తిరుగు బస్సు దేవరకొండ చేరింది. అక్కడ బస్సు మారాక తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ఎండకాలం ముందటి ఉన్ని ఎవరికీ ఇయ్యకు అక్కా. వడుకు."

అక్కడ సంతకాలు పెట్టిన కాగితాలు ఏమయ్యాయో మాకు తెలియదు. ఉన్ని పనివాళ్ళెవరూ ఇంతవరకు రాలేదు. నల్ల గొర్రెలు మాత్రం మా మందలో మళ్ళీ సగానికి పెరిగాయి. తమ్ముడు ఇప్పటికీ నడుము దాకా భూమిలో కూర్చుంటాడు. నేను గుంత ఒడ్డున ఆ బూడిదరంగు ఆసనం మీద కూర్చుని వడుకుతాను. మొన్న మరదలు దాని మీద దుమ్ము దులుపుతుంటే గుంతలోంచి కేక వినపడింది.

"చెయ్యి తియ్! సర్ఫు డబ్బా అటక మీద దాచిపెట్టిన, ఎతుకకు!"

మధ్యాహ్నపు ఎండలో ఊరంతా కునుకు తీస్తోంది. మగ్గం చప్పుడు వినపడుతోంది.