శెట్టిగారి కాలేజీ బేరం

ఆత్మకూరు బస్టాండు రోడ్డులో పప్పులు, చక్కెర హోల్‌సేలుగా అమ్మే పెంచలనరసింహానికి నచ్చిన సరుకంటూ లోకంలో లేదు. నచ్చదని కాదు, నచ్చిందని నోటితో ఒప్పుకోడు. కందిపప్పు లోడు వచ్చినప్పుడు పైకి కనిపించే పప్పు వంక చూడనే చూడడు. బస్తా నడుములోకి ఇనప గొట్టం గుచ్చి, లోపలి పప్పు అరచేతిలోకి తీసుకుని, ఒక బద్ద కొరికి, ముఖం చిట్లించి "ఏందయ్యా ఇది, పాత సరుకు తెచ్చినావే" అంటాడు. సరుకు ఎంత బాగుంటే ముఖం అంతగా చిట్లుతుంది. నిజంగా నాసిరకమైతే మాత్రం నవ్వుతూ "బాగుండాదిలే, మళ్లీ కబురు చేస్తా" అని సాగనంపుతాడు. ఆయనతో వ్యాపారం చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. శెట్టిగారు తిట్టారంటే లారీ తాళ్లు విప్పడం మొదలుపెడతారు.

పుట్టింది ఉదయగిరిలో, కొండ కింద వీధిలో. తండ్రికి అక్కడ చిన్న చిల్లర కొట్టు ఉండేది. ఎదుటివాడి మాట వినొద్దు, చెప్పేటప్పుడు వాడి ముఖం చూడు అని ఆ తండ్రి నేర్పిన విద్యతోనే నరసింహం ఆత్మకూరుకొచ్చి స్థిరపడ్డాడు. కలిగిరి నుంచి పద్మావతమ్మను చేసుకున్నాడు. "పెళ్లిచూపుల్లో నన్ను చూసి కూడా ముఖం అట్నే పెట్టినాడు. సంబంధం తప్పిపోయిందని మా నాయన రెండు రోజులు అన్నం తిన్లా" అని ఆమె ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతుంది. నరసింహం ఆ మాటకు కాదనడు, ఔననడు.

వాళ్లకు ఒక్కతే కూతురు, శ్రీవిద్య. ఇంటర్ అయింది, ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఫలితాలు వచ్చిన సాయంత్రం నుంచే నరసింహం ఫోను మోగడం మొదలైంది. ఏవేవో కాలేజీల పేర్లు చెప్పి, "సార్, మీ అమ్మాయికి మా దగ్గర సీటు రెడీగా ఉంది" అని తియ్యగా మాట్లాడేవాళ్లు. సీటు సంగతి సరే, తన నంబరు వీళ్లకెట్లా దొరికిందన్న అనుమానం నరసింహానికి పట్టుకుంది. జూనియర్ కాలేజీ గుమాస్తాను అనుమానించాడు. జిరాక్సు షాపువాణ్ణి అనుమానించాడు. చివరికి ట్యూషన్ మాస్టారిని కూడా వదల్లేదు. ఒకాయన టక్ చేసుకుని, స్వీట్ల పెట్టెతో నేరుగా కొట్టుకే వచ్చాడు. అడక్కుండా స్వీట్లు పెట్టేవాడి సరుకులో ఏదో లోపం ఉండి తీరాలని నరసింహం తేల్చేశాడు. ఆ పెట్టెను ముట్టుకోలేదు, గుమాస్తా సిద్ధయ్యను కూడా ముట్టుకోనివ్వలేదు.

తడనుంచి ఇచ్ఛాపురం దాకా ఇంత పొడుగు రాష్ట్రంలో ఎన్ని కాలేజీలో! అన్నిటికీ ప్రచార పుస్తకాల్లో బొమ్మలు ఒకటే, పచ్చటి గడ్డి, నవ్వే పిల్లలు. "కాలేజీని కాలేజీవాళ్లు చూపిస్తే చూడకూడదు. మనమే పోయి చూడాల" అన్నాడు నరసింహం. కొట్టు సిద్ధయ్యకు అప్పగించి, కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు. పోయిన ప్రతిచోటా ఒక దొంగ పేరు చెప్పాడు. ఒకచోట ఉల్లిపాయల వ్యాపారి, ఇంకోచోట రిటైరైన హెడ్మాస్టరు. పక్కూరి కొట్లో ధర కనుక్కోవాలంటే మనిషిని ఉత్తుత్తి గిరాకీగా పంపడం అతనికి అలవాటే. ఇప్పుడు తానే ఉత్తుత్తి గిరాకీ అయ్యాడు. పక్కన నిలబడిన శ్రీవిద్య సిగ్గుతో గోళ్లు గిల్లుకునేది.

నెల్లూరు దారిలో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో వాళ్లకు రాచమర్యాదలు జరిగాయి. కూల్‌డ్రింకు ఇచ్చారు, ఏసీ గదిలో కూర్చోబెట్టారు, ఒక కుర్రాడు వెంట తిరిగి అన్నీ చూపించాడు. గోడమీద ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫ్లెక్సీ ఒకటి ఉంది. నరసింహం దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒకే అమ్మాయి ఫొటో రెండు కంపెనీల కింద, రెండు పేర్లతో ఉంది. "బాగుండాదయ్యా, చాలా బాగుండాది" అని నవ్వుతూ కుర్రాడి భుజం తట్టి బయటికొచ్చేశాడు.

విశాఖపట్నం దగ్గర కాలేజీలో వీళ్లను పలకరించిన నాథుడు లేడు. గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి పొమ్మన్నారు, అంతే. ఎవరూ బతిమాలకపోవడం నరసింహానికి మొదట పెద్ద అనుమానమే కలిగించింది. వెనకవైపు నుంచి వెళ్లి చూస్తే రేకుల షెడ్డులో ఆడపిల్లలు ఒక ఇంజను విప్పి నేలమీద పరుచుకున్నారు. పక్కన ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని వాళ్లు తప్పుగా బిగించినప్పుడల్లా మళ్లీ విప్పిస్తున్నాడు. నరసింహం వంటగదిలోకి కూడా తొంగిచూశాడు. అక్కడ ఉడుకుతున్న పప్పు మొదటి రకం. ఇవతలికి వచ్చేసరికి శ్రీవిద్య ఆ పిల్లల మధ్య గొంతుక్కూర్చుని ఉంది, చేతులకు గ్రీజు. తిరుగు రైల్లో ఆ పిల్ల ఆ చేతుల్నే చూసుకుంటూ, తనలో తాను నవ్వుకుంటూ కూర్చుంది. ఇది దీనికి సరైన చోటు, దీన్ని ఇక్కడే చదివించాలి అని నరసింహం ఆ రైల్లోనే నిశ్చయించుకున్నాడు. పైకి మాత్రం, "ఇంత దూరం వచ్చింది దండగ" అన్నాడు. ఎదుటి సీట్లో కూతురితో వచ్చిన ఇంకో తండ్రి ఉన్నాడు మరి. మంచి సరుకు సంగతి పోటీ వ్యాపారికి ఎవడు చెబుతాడు?

ఆ నిశ్చయం అట్లాగే నిలబడేదే. కానీ మర్నాడు సీతారామపురం నుంచి మాలకొండయ్య అనే రైతు సరుకులకు కొట్టుకొచ్చాడు. అతని కొడుకు సందీప్, శ్రీవిద్య ఒకే జూనియర్ కాలేజీలో చదివారు.

"మావాడు కౌన్సెలింగులో విశాఖపట్నం కాలేజీకి ఆప్షన్ పెడతాడంట శెట్టిగారా. ఎట్టుంటాదో ఏమో, మీరు చూసొచ్చినారంట గదా" అన్నాడు మాలకొండయ్య.

నరసింహం చేతిలోని బెల్లంగడ్డ తక్కెట్లో పడకుండా అట్లాగే ఆగిపోయింది. ఎవరు చెప్పారు తాము చూసొచ్చినట్టు? వీడి కొడుక్కి అదే కాలేజీ ఎందుకు కావాల్సి వచ్చింది? రైల్లో శ్రీవిద్య నవ్వుకున్నది ఇంజను తలుచుకునేనా? ఆ రోజంతా కొట్లో ఏది తూచాడో అతనికే తెలియదు. పిల్లను అడిగితే సరిపోయేది. అడగడమంటే ఎదుటివాడి మాట మీద ఆధారపడటం, అది అతని విద్యలో లేదు.

రాత్రి భోజనాల దగ్గర పరీక్ష పెట్టాడు. "ఆ విశాఖపట్నం కాలేజీ నాకేం నచ్చలా. నెల్లూరు దారిలోదే మేలు. బాగుండాది, దగ్గర కూడా" అని, కూతురి ముఖంలోకి చూశాడు. వాదించిందంటే ఏదో ఉన్నట్టు. ఒప్పుకుందంటే ఏమీ లేనట్టు.

శ్రీవిద్య చెయ్యి కంచంలో ఒక్క క్షణం ఆగింది. "సరే నాయనా" అంది.

నరసింహం గుండె తేలికపడింది. నా బంగారుతల్లి, అనవసరంగా అనుమానించాను అనుకున్నాడు. ఆ సంతోషంలో రెండోసారి మజ్జిగ పోయించుకున్నాడు. ఇక విశాఖపట్నమే ఖాయం. కొట్లో పెరిగిన పిల్ల, నేను బాలేదన్నానంటే దాని అర్థం తెలియదా, అదే మొదట పెడుతుందిలే అనుకుని సుఖంగా నిద్రపోయాడు. నిజానికి ఆ పిల్ల ఆ రాత్రే ఆప్షన్లు పెట్టేసింది. నాయన బాగుందన్నదే మొదట పెట్టింది.

సీట్లు ఇచ్చిన రోజు, నెల్లూరు దారిలోని కాలేజీ పేరు ఫోన్లో కనిపించగానే నరసింహం మంచం మీద కూలబడ్డాడు. ఒకే అమ్మాయికి రెండు పేర్లు పెట్టిన ఆ ఫ్లెక్సీ కళ్ల ముందు ఆడింది.

"దీన్ని మొదట ఎందుకు పెట్టినావు పాపా?"

"నువ్వే గదా అదే మేలన్నావు."

"నేను బాగుండాదన్నానంటే ఏందో నీకు తెలవదా?"

"తెలుసు నాయనా. అది లారీవాళ్ల కాడ గదా" అంది శ్రీవిద్య. "నాతో కూడా అట్నే మాట్లాడతావని తెలవదు."

తలుపు దగ్గర నిలబడిన పద్మావతమ్మ భర్త వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ చూపుకంటే తిట్టినా బాగుండేది. నరసింహం, "రెండో విడత కౌన్సెలింగు ఉండాది కదా, ఈసారి విశాఖపట్నం మొదట పెట్టు, అది నిజంగా మంచి కాలేజీ" అన్నాడు.

"ఇది నిజంగా చెప్తా ఉండావా, మళ్లీ నా ముఖం చూసేదానికి అంటా ఉండావా?" అంది శ్రీవిద్య.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. మాలకొండయ్య వచ్చిన సంగతి, సందీప్ పేరు, తను పెట్టిన పరీక్ష, అన్నీ. చెబుతుంటే అతని మాటలు అతనికే నీచంగా వినిపించాయి. శ్రీవిద్య ఏడవలేదు, అరవలేదు.

"ఆ పిల్లోడు ఆ కాలేజీ గురించి అడిగితే మేము చూసొచ్చినామని నేనే చెప్పినా. అంతే, ఇంకేం లేదు. నువ్వు అడిగుంటే నీకూ చెప్పేదాన్ని" అంది. "నాకేమో దూరం పంపడం నీకిష్టం లేదేమో అనిపించింది, అందుకే నోరు మూసుకున్నా. నేనేమంటే నీకు అనుమానం రాదో చెప్పు నాయనా, ఇకమీదట అదే అంటా" అంది.

నరసింహం కళ్లల్లో నీళ్లు తిరిగితే దాచుకోవడానికి కొట్టుకు బయల్దేరాడు, చెప్పులు కూడా వేసుకోకుండా.

రెండో విడతలో విశాఖపట్నం సీటు వచ్చింది. ఆ కాలేజీలో సందీప్‌కు సీటు రాలేదని తర్వాత తెలిసినా, నరసింహం ఆ సంగతి ఇంట్లో ఎత్తలేదు. చేర్పించడానికి తనే తీసుకెళ్లాడు. హాస్టలు గదంతా తిరిగి చూశాడు, కిటికీ గడియ వేసి తీశాడు, కుళాయి తిప్పాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గేటు దగ్గర కూతురి తలమీద చెయ్యి పెట్టి, "గది బాగుండాది పాపా. భయం లేదు" అన్నాడు.

శ్రీవిద్య తలెత్తి, అతని ముఖాన్ని కాసేపు పరీక్షగా చూసింది.

"నిజంగానేనా నాయనా?" అని అడిగింది.