షాఫ్టుకు ఎక్కని బుష్

1956 చలికాలంలో ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో అసిస్టెంటు ఇంజనీరుగా చేరాను. పత్తి సీజను మధ్యలో యంత్రాలను తిప్పే ప్రధాన షాఫ్టు అరిగి ఊగడం మొదలైంది. మిల్లు ఆపక తప్పలేదు. తుగ్గలి, చిప్పగిరి వైపు నుంచి వచ్చిన పత్తి బండ్లు గేటు బయట బారులు తీరాయి. ఆకాశం మబ్బుగా ఉంది. తడిస్తే పత్తి నల్లబడుతుంది.

మా వర్క్‌షాపులో ఇనుమును తిప్పుతూ చెక్కే లేతు ఒక్కటే ఉంది. దాని మీద మస్తాన్ మేస్త్రి రెండున్నర అంగుళాల కొత్త షాఫ్టు చేశాడు. అది తిరిగే గొట్టంలాంటి కంచు బుష్‌ను ఎమ్మిగనూరులో సొంత షాపున్న విరూపాక్షప్పకు అప్పగించాం. ఇద్దరూ ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చినవాళ్లు. బుష్ రంధ్రం షాఫ్టు కంటే మూడు థౌలు ఎక్కువ ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. నూనె పొర నిలవడానికి ఆ సందు అవసరం.

విరూపాక్షప్ప బుష్‌నూ, తన మైక్రోమీటరునూ తానే బస్సులో తెచ్చాడు. బుష్ షాఫ్టు మొదట్లోనే బిగుసుకుపోయింది.

"నీ షాఫ్టే లావుందన్నా," అన్నాడతను.

"ఇన్నేండ్లు లేతు మీద నిలబడినోనికి కొలత సెప్పొచ్చినావా? నీ బుష్షే బిగువు," అన్నాడు మస్తాన్ మేస్త్రి.

మాట పెరిగింది. విరూపాక్షప్ప బుష్‌ను గుడ్డలో చుట్టుకుని, "ఇంగ మీ పని నాకొద్దప్పా," అంటూ లేచాడు. మేనేజరు సుత్తితో కొట్టి ఎక్కించమన్నారు. నేను ఒప్పుకోలేదు. అలా ఎక్కిస్తే కాసేపటికే వేడెక్కి పట్టేస్తుంది. ఎవరిది తప్పో తేల్చే పెద్దరికం కొత్తవాడినైన నాకు లేదు. టీ తాగి పొమ్మని విరూపాక్షప్పను ఆపాను.

థౌల లెక్కన కొలిచే ఇద్దరి మైక్రోమీటర్లనూ, వాటిని సరిచూడటానికి స్టోరులో వాడకుండా ఉన్న, సరిగ్గా రెండంగుళాల స్టాండర్డ్ రాడ్‌నూ నీడలో ఇనుప బల్ల మీద పెట్టించాను. అరచేతి వేడికి కూడా ఉక్కు సాగుతుంది కనుక అన్నీ ఒకే చల్లదనానికి రావాలి. టీ అయ్యాక రాడ్‌ను మస్తాన్ మేస్త్రికే ఇచ్చాను. మేస్త్రి దాన్ని ముందు విరూపాక్షప్ప తెచ్చిన మైక్రోమీటరులో పెట్టి, చివరనున్న రాచెట్ పిడి టిక్కుమనేదాకా తిప్పాడు. గీత సరిగ్గా సున్నా మీద నిలిచింది. తర్వాత తన మైక్రోమీటరులో పెట్టాడు. నాలుగు థౌలు తక్కువ చూపింది. గుడ్డతో తుడిచి మళ్లీ చూశాడు. అదే లెక్క. తిరుగుతున్న పనిమీదే ఏళ్ల తరబడి కొలవడం వల్ల దాని దవడలు అరిగిపోయాయి. అది తక్కువ చూపినంత మేరా షాఫ్టు లావుగా మిగిలింది.

మేస్త్రి మైక్రోమీటరును బల్ల మీద పెట్టాడు.

"విరూపాక్షీ, నీ బుష్ బాగానే ఉండాది. నాదే తప్పు సూపిస్తాండాది," అన్నాడు మేస్త్రి.

విరూపాక్షప్ప ఎగతాళి చేస్తాడేమోనని భయపడ్డాను. అతను మైక్రోమీటరు అందుకుని, "ఉస్తాదు ఇచ్చిందే కదన్నా ఇది. అరిగింటాది. తాళం యాడ పెట్టినావు?" అన్నాడు. మైక్రోమీటరుతో వచ్చే చిన్న కొక్కెం తాళంతో, రాడ్‌ను పెట్టి ఉంచి, గీతలున్న స్లీవు గొట్టాన్ని తిప్పి గీతను సున్నాకు తెచ్చాడు. మేస్త్రి షాఫ్టును మళ్లీ లేతుకెక్కించి, సన్న ఆకురాయితో, ఎమరీ కాగితంతో తగ్గించి, చల్లారాక కొలిచాడు. ఈసారి బుష్ అరచేత్తో నెడితే జారింది.

సాయంత్రానికి మిల్లు నడిచింది, బండ్లు లోపలికి కదిలాయి. బస్సు ఉన్నా విరూపాక్షప్పను పోనీయక మేస్త్రి తన ఇంటికి భోజనానికి తీసుకుపోయాడు.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి వర్క్‌షాపులోనూ రోజు మొదటి కొలతకు ముందు మైక్రోమీటర్లను రాడ్‌తో సరిచూడటం నియమం చేశాను. ఇద్దరు మంచి పనివాళ్ల కొలతలు కలవకపోతే ముందు పనిముట్లను పరీక్షించాలి. మనుషులను విచారించే అవసరం చాలాసార్లు రాదు.