అంతర్వేది మొగలో లెన్స్ పరీక్ష

మా ఆఫీసు కెమెరాకి ఒక లెన్స్ కొనాలి. ఈ ప్రయాణం మొదలవడానికి కారణం అంతకుమించి ఏమీ లేదు. నేను కడియపులంకలో ఒక నర్సరీలో పనిచేస్తాను. ఫోన్లో వచ్చే ఆర్డర్లు రాసుకోవడం, ఏ లారీలో ఏ మొక్కలు ఎక్కాలో చూడటం నా ఉద్యోగం. కిందటేడు మా ఓనరుగారు డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "జ్యోతిగారూ, ఇకనుంచి మొక్కల ఫొటోలు మీరే తీసి ఈమెయిల్ చెయ్యండి" అన్నారు. కెమెరాతో వచ్చిన చిన్న లెన్స్‌కి నర్సరీ తేమ పడలేదు, ఏడాది తిరక్కుండానే లోపల ఫంగస్ పట్టింది. కొత్తది కొనమన్నారు. కొంటే గులాబీ మొగ్గకీ, లారీ మొత్తానికీ, ఎకరం పొడుగు మొక్కల వరుసలకీ, ఇంట్లో మా పాప పుట్టినరోజుకీ అన్నిటికీ పనికొచ్చేదై ఉండాలి. ఏది కొనాలో నెల రోజులు ఇంటర్నెట్లో చదివినకొద్దీ అయోమయం పెరిగిందే గాని తేలలేదు.

రాజమండ్రిలో మాకు ప్రింట్లు వేసే స్టూడియో సూర్యంగారు నా అవస్థ చూసి రెండు రకాల సరుకు ముందు పెట్టారు. ఒకవైపు రెండు లెన్సులు: దగ్గరవాటికి ఒకటి, దూరానికి ఒకటి. బొమ్మ చాలా స్పష్టంగా వస్తుంది, కాని మాటిమాటికీ మార్చుకోవాలి. రెండోవైపు ఒక్కటే జూమ్ లెన్స్, పద్దెనిమిది నుంచి రెండు వందల మిల్లీమీటర్ల దాకా. పద్దెనిమిది దగ్గర పెడితే ఎదురుగా ఉన్నదంతా ఒక చట్రంలో పడుతుంది, రెండు వందలకి తిప్పితే ఏటి అవతలి మనిషి దగ్గరికొస్తాడు. "పదును కొంచెం తక్కువండి, వెలుతురు తగ్గితే తడబడుద్ది. కానీ మార్చే పనుండదు. షాపులో నిలబడి చూస్తే ఏమీ తెలవదండి. శనివారం మూడూ పట్టుకెళ్ళి ఒక రోజల్లా తియ్యండి. నీళ్ళ దగ్గర మాత్రం లెన్స్ మార్చకండి" అన్నారు. దగ్గరా దూరమూ, ఎండా నీడా అన్నీ ఒక్క రోజులో దొరికే చోటు ఏదా అని ఆలోచిస్తే నాకు అంతర్వేది తట్టింది. అక్కడ వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. అక్కడివాళ్ళు దాన్ని మొగ అంటారు. నాకు ఈత రాదు, నీళ్ళంటే చిన్నప్పటినుంచీ భయం. ఆ సంగతి ఎందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ తెలియదు.

అది 2008 ఫిబ్రవరి. ఉదయం ఆరూ పదికి కడియపులంకలో హైవే మీద నరసాపురం బస్సెక్కాను. రావులపాలెం, మార్టేరు, పాలకొల్లు మీదుగా దాదాపు మూడు గంటలు పడుతుంది, టికెట్టు నలభై లోపే. కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూసింది తక్కువ. మనవి కాని మూడు లెన్సులు ఒళ్ళో ఉన్నాయి, ప్రతి గతుక్కీ సంచి గుండెలకి హత్తుకునేదాన్ని. నరసాపురం బస్టాండు ఎదురుగా బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ఇడ్లీలు వేసే ఆవిడ నా సంచి వంక చూసి, "ఏంటమ్మా, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు?" అంది. కెమెరా అని చెప్పాను. "ఎక్కడికో?" అంది. అంతర్వేది మొగకని చెప్తే, గరిటె ఆపి, "అమావాస్య ఎల్లి రెండ్రోజులే కదా. పోటు గట్టిగా ఉంటది, చూసుకో" అంది. పోటంటే సముద్రం పొంగి ఏట్లోకి నీళ్ళు ఎక్కడం. అప్పుడా మాట పెద్దగా పట్టించుకోలేదు.

రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటాలి. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచినట్టుండే ఆ పంటు మీద మనుషులే కాదు, మోటారు సైకిళ్ళూ కార్లూ కూడా ఎక్కుతాయి. అంచున గొలుసొక్కటే అడ్డు. మధ్య ఏట్లో దూరంగా ఒక వల పడవ కనబడింది, నా కెమెరాకి దగ్గరవాటి లెన్స్ ఉంది. సూర్యంగారి మాట మరిచిపోయి లెన్స్ మార్చబోయాను. గాలికి చున్నీ మొహం మీదికొచ్చింది. చేతిలో లెన్స్ వెనక మూత జారి, చెక్కల మీద దొర్లి, చూస్తుండగానే నీళ్ళలో పడింది. పడింది మూతే. కాని ఒక్క క్షణం ఆలస్యమైతే లెన్సే పోయేది. పంటు మీదున్న ఒక కారు ముందుభాగానికి ఆనుకుని అవతలి ఒడ్డు వచ్చేదాకా కళ్ళు మూసుకున్నాను. దిగాక ఒక బడ్డీ కొట్టు నీడన కూర్చుని ఆ ఒక్క జూమ్ లెన్స్ బిగించి, మిగతా రెండూ గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టేశాను. నిజం చెప్పాలంటే ఆ ఎంపిక చేసింది నా భయమే.

షేర్ ఆటోలో అంతర్వేది చేరేసరికి పదకొండు కావస్తోంది. పల్లిపాలెంలో వెంకన్నగారని యాభై అయిదేళ్ళ ఆయన మోటారు పడవ మీద మొగ దాకా తీసుకెళ్ళి తెస్తానన్నాడు, మూడు వందలకి. "లైఫ్ జాకెట్ ఉందా, బాబాయ్‌గారూ?" అని అడిగాను.

"ఆయ్, ట్యూబు ఉందండి" అని లారీ ట్యూబు ఒకటి చూపించాడు.

వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. కాని ఇంత దూరం వచ్చి ఒడ్డున నిలబడి పోవడానికి సిగ్గేసింది. ఎక్కి, పడవ మధ్యలో చెక్క పట్టుకుని కూర్చున్నాను. అరగంటకి మొగ దగ్గరికొచ్చాం. ఇటు ఏటి నీళ్ళు మట్టి రంగు, అటు సముద్రం నీలం, మధ్య గీత గీసినట్టు నురగ. ఆ గీత దగ్గర పడవ ఎగిరిపడటం మొదలైంది. ఒక చేత్తో చెక్క వదలకుండా, పద్దెనిమిది దగ్గర పెట్టి ఆ రెండు రంగులూ వచ్చేలా నాలుగైదు తీశాను. తర్వాత దూరంగా ఇసుక తిప్పల మీద కొంగలేమైనా ఉన్నాయేమోనని జూమ్ తిప్పుతూ వెతికాను. తిప్పంటే ఆటుకి బయటపడి పోటుకి మునిగిపోయే ఇసుక మేట. కొంగలు లేవు. అప్పటికే మునిగిన ఒక తిప్ప దగ్గర నీళ్ళలో నిలువుగా రెండు నల్లటి గీతలున్నాయి.

"బాబాయ్‌గారూ, అక్కడ ఎవరో ఉన్నారు" అన్నాను.

వెంకన్నగారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఎండ ఎదురుగా ఉండి నీళ్ళన్నీ తళతళలాడుతున్నాయి. "మనుషులు కాదండి. వలలకి పాతిన గెడలయ్యి."

రెండు వందల చివరి దాకా తిప్పాను. పడవ ఊగుతుంటే చట్రంలోకి ఒకసారి ఆకాశం, ఒకసారి నీళ్ళు. ఊపిరి బిగబట్టి వరసగా పది పన్నెండు తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాను. అన్నీ అలుక్కుపోయాయి, ఒకటి తప్ప. అందులో ఎర్ర చీర, నడుముల దాకా నీళ్ళు, పైకెత్తిన ఒక చెయ్యి. చెయ్యి చివర గుడ్డ.

కెమెరా ఆయన ముందు పెట్టాను. చూశాడు. "గుల్లలేరుకునే ఆడోళ్ళండి. ఆటుకి దింపి ఎళ్ళిన పడవ తిరిగి రాలేదు. పోటు ఎక్కేత్తంది." ఇంజన్ వైపు చెయ్యి చాపి ఆగిపోయాడు. "మిమ్మల్ని ఒడ్డున దింపి వత్తానండి."

"ఎంతసేపు పడుతుంది?"

"పోను అరగంట, రాను అరగంట."

"అప్పటికి వాళ్ళు..."

ఆయన తిప్ప వైపు చూస్తూ, "అక్కడ కెరటం ఇరుగుద్దమ్మా. పడవ తిరగబడొచ్చు. మిమ్మల్నెక్కించుకుని నేనెళ్ళకూడదు" అన్నాడు.

ఒడ్డుకి పొమ్మంటే ఎవరూ తప్పు పట్టరు, ఆయనే అన్నాడు కదా. మా పాప గుర్తొచ్చింది. ఆ పైకెత్తిన చెయ్యి స్క్రీన్ మీద ఇంకా అలాగే ఉంది. "పదండి" అన్నాను. ఆయన లారీ ట్యూబు నా మెడలో వేసి, తాడు లాగి పడవ తిప్పాడు.

ఆ తర్వాత పావుగంట నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఎండ మెరుపులో ఆయనకి వాళ్ళు కనపడటంలేదు, నాకు మాత్రం లెన్స్‌లో కనబడుతున్నారు. "ఎడమకి. ఇంకా ఎడమకి. ఇప్పుడు తిన్నగా" అని అరుస్తున్నాను. రెండు వందల దగ్గర వాళ్ళని పట్టుకుంటే ముందున్న నురగ కనపడదు. పద్దెనిమిదికి తిప్పితే నురగ కనబడి వాళ్ళు మాయమవుతారు. అలా ముందుకీ వెనక్కీ తిప్పుతూనే ఉన్నాను. ఒకసారి మళ్ళీ దగ్గరికి తిప్పేసరికి ఒక్కతే కనిపించింది. రెండో ఆమె కెరటం కింద నుంచి లేచింది. పక్కనున్నామె ఆమెని జుట్టు పట్టుకుని లేపింది. లెన్స్ అద్దం మీద ఉప్పునీళ్ళు కారుతున్నాయి, చున్నీతో తుడిచేదాన్ని, మసక మరింత పెరిగేది. పైకి ప్రార్థన చేస్తున్నానని నాకు తెలియదు, వెంకన్నగారు తర్వాత చెప్పాడు.

దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు వాళ్ళ రొమ్ముల దాకా వచ్చాయి. కెరటం విరిగేచోటికి పడవ పోనివ్వకుండా ఆయన తాడు విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి చిన్నామె అందుకుని పెద్దావిడ నడుముకి చుట్టింది. కెమెరా కాళ్ళ దగ్గర పడేసి నేనూ తాడు లాగాను. పెద్దావిడ పడవలోకి బోర్లా పడింది, గుల్లల సంచి ఇంకా భుజానే ఉంది. చిన్నామె ఎక్కుతుండగా కెరటం పక్క నుంచి కొట్టింది. పడవ ఒరిగి నీళ్ళు లోపలికొచ్చాయి. ఇంజన్ ఆగిపోయింది.

వెంకన్నగారు ఇంజన్ తాడు లాగాడు. లాగాడు. చిన్నామె దోసిళ్ళతో నీళ్ళు తోడుతోంది. నేను చూసిందల్లా వెనక నుంచి లేచి వస్తున్న మరో కెరటం, దాని మీద ఎండ. అయిదోసారో ఆరోసారో ఇంజన్ దగ్గి అందుకుంది. పడవ కొన ఆ కెరటానికి ఎదురు తిరిగింది. పైకి ఎగిరి కిందపడ్డాం. అంతే, దాటేశాం.

వాళ్ళిద్దరూ అత్తా కోడళ్ళు. పెద్దావిడ అప్పాయమ్మ, కోడలు మంగ. పొద్దున్న వాళ్ళని దింపి వెళ్ళింది మంగ భర్తే. మేం ఒడ్డు చేరేసరికి అతను మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు, ఇంజన్ పాడైతే వేరే పడవ కోసం ఊరంతా తిరిగాడట. భార్యని చూసి అలాగే నీళ్ళలో కూర్చుండిపోయాడు. మంగ వెళ్ళి చెయ్యి పట్టి లేపింది. ఎవరో టీ తెచ్చారు. నా పళ్ళు గ్లాసుకి కొట్టుకుంటున్నాయి. అప్పాయమ్మ నా వీపు నిమిరి, "అంత దూరాన్నుంచి ఎలా కనపడ్డాం తల్లీ?" అంది. కెమెరా చూపించాను. ఒక ఫొటో తీసుకోనా అని అడిగితే, తడిచిన చీర చూసుకుని, "ఇలాగొద్దమ్మా. ఇంకోసారొచ్చినప్పుడు, మంచి చీర కట్టుకుంటాను" అంది. తియ్యలేదు.

మూడున్నరకి బయల్దేరి రాత్రి ఎనిమిది దాటాక ఇల్లు చేరాను. పంటు మీద ఈసారి అంచు వైపు చూడనే లేదు. సోమవారం సూర్యంగారి దగ్గరికి వెళ్ళి మూత పోయిన సంగతి, ఉప్పునీళ్ళ సంగతి చెప్పేశాను. ఆయన జూమ్ రింగు తిప్పితే లోపల ఇసుక కరకరమంది. "ఇది నేనే తీసుకుంటానండి" అన్నాను. "దీనికి అంచుల్లో గీతలు వంగుతాయండి, చివర్లో పదును ఉండదు. మిగతా రెండూ తీసుకోవచ్చు కదా" అన్నారు. జరిగింది చెప్పాను. ఆయన శుభ్రం చేయించి ఇచ్చారు. మూడు నెలలుగా దానితోనే తీస్తున్నాను. ఆయన చెప్పిన లోపాలన్నీ నిజమే, సాయంత్రం షెడ్డులో తీస్తే బొమ్మలు అలుక్కుపోతాయి కూడా. రోజువారీ పనికి ఇంతకన్నా తోడు వచ్చేది మాత్రం నాకు దొరకలేదు.

మొగ దగ్గర మొదట తీసిన ఫొటో చూసి ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. రెండు రంగుల నీళ్ళు, మధ్య నురగ గీత, చాలా బాగుందన్నారు. కంప్యూటర్లో పెద్దది చేసి చూసినప్పుడు కుడి మూలన రెండు చుక్కలు కనిపించాయి నాకు. అంటే నేను ఆ నీళ్ళ అందాన్ని చట్రంలో సర్దుకుంటున్నప్పుడే వాళ్ళు అందులో ఉన్నారు, చెయ్యి ఊపుతూనే ఉన్నారు. కొంగల కోసం జూమ్ తిప్పకపోయి ఉంటే అది మంచి ఫొటోగానే మిగిలిపోయేది. మునిగే పడవకన్నా ఆ ఆలోచనే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ఆ ఫొటో ఎవరికీ ఈమెయిల్ చెయ్యలేదు.

అంతర్వేది మొగకి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. ఆటుపోట్ల వేళలు పడవవాళ్ళని ముందే అడిగి, ఆటు ఉండగానే చూసి వచ్చెయ్యండి. పడవ వెనక్కి తిప్పమనేముందు మాత్రం మీ దగ్గరున్న లెన్స్‌ని చివరికంటా తిప్పి, తిప్పలన్నీ ఒక్కసారి వరసగా చూడండి. రెండు నిమిషాలు చాలు.