మామ పడుకోబెట్టిన నల్ల రాజు

మా మామ పోయిన మంగళవారం తెల్లవారుజామున పోయారు. ఆ రోజు ఆత్మకూరులో ఆయనకు డయాలసిస్. సంచిలో టిఫిన్ డబ్బా పక్కన చదరంగం గుడ్డ సర్దుకుని లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది.

ఆయన ఉదయగిరిలో టైలరు. నల్లవీ తెల్లవీ ముక్కలు కుట్టి ఆ గుడ్డ తనే చేసుకున్నారు. తెల్ల ఏనుగు ఒకటి పోతే దాని చోట దారపు రీలు పెట్టారు. మా ఆయన లారీ మీద తిరుగుతాడు కాబట్టి మంగళ, శుక్రవారాలు మామను బస్సులో నేనే తీసుకుపోయేదాన్ని. డయాలసిస్ మిషను ఆగడానికి నాలుగు గంటలు. ఐదో తరగతితో బడి మానేసిన నాకు అక్కడే ఆట నేర్పారు.

మంచం పక్కన స్టూలు ఉండేది. మామ ఎదుట కోడలు కూర్చోదు కదా, నిలబడే ఆడేదాన్ని.

"కాళ్లు నొప్పి పుట్టవా?" అనేది నర్సమ్మ.

"మా ఇంటి నిట్టాడమ్మా అది. కూర్చుంటే ఇల్లు పడిపోద్ది," అనేవారు మామ.

నల్లవి ఎప్పుడూ ఆయనవే. రాజు ముందు బంటును ఒక గడి జరిపి, ఆ సందులో శకటును పెట్టేవారు. అది మూల నుంచి మూలకు గురి చూస్తూ ఉండేది. "ముందు దీన్ని చంపు. లేకుంటే ఇది నిన్ను చంపుద్ది."

నేర్చుకున్నాను. కానీ గెలిచే ఎత్తు కనిపించినా, పెద్దాయనకు చెక్ చెప్పలేక ఏదో ఒక బంటును జరిపేదాన్ని. కాళ్లు వాచి, అన్నం సయించక ఆయన చిక్కిపోయిన రోజు కూడా అదే చేశాను. ఆయన గుడ్డ మడిచేశారు.

"నాకు కనపడలేదనుకున్నావా? డాక్టరు జాలిపడతాడు, మీ ఆయన జాలిపడతాడు. నువ్వన్నా నన్ను రోగిని చేసి ఆడబాకమ్మా."

తిరుగు బస్సులో ఉదయగిరి కొండ కనిపించేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.

ఆ తర్వాతి శుక్రవారం మళ్లీ పరిచారు. మూల శకటును నా శకటుతో మార్చుకున్నాను. రాజుకు కాపలా ఉన్న గుర్రాన్ని దారపు రీలుతో కొట్టాను. ఆయన బంటుతో రీలును తీసేశారు. దారి తెరుచుకుంది. మంత్రిని రాజు పక్కకు తెచ్చి నిలబడిపోయాను.

"ఆ మాట చెప్పు."

"చెక్, మామా."

"గట్టిగా."

చెప్పాను. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పారు. ఆయన చాలాసేపు వెతికారు. రాజుకు చోటు లేదు. సూది లేని చేత్తో దాన్ని పడుకోబెట్టి, "ఇప్పుడు కూర్చో," అన్నారు.

కూర్చున్నాను. నా చేతిలో నిజంగా ఓడాలని కోరుకున్న మనిషి ఆయన ఒక్కరే.

పోయిన మంగళవారం ఆయన్ను వసారాలో చాప మీద పడుకోబెట్టారు. ఆడవాళ్లు నన్ను లాగి ఆయన ఎదురుగా కూర్చోబెట్టారు. ఆయన ఎదుట నేను కూర్చోవడం అది రెండోసారి. సంచి ఇంకా నా ఒళ్లోనే ఉంది. గుడ్డలోంచి దారపు రీలు వేలికి గట్టిగా తగులుతోంది.