సింహాచలం ఊరు కాదు

నేను పదవీ విరమణ చేయడానికి ముందు ఏడాది, ఫిబ్రవరి రెండో వారంలో, డెనిస్ మోరన్ ఫైలు నా బల్ల మీదకు వచ్చింది. అప్పటికి నేను మెల్‌బోర్న్‌లో ఒక చిన్న పరిశోధన సంస్థలో సీనియర్ పరిశోధకుణ్ణి. జాడ తెలియని బంధువులను వెతకడం మా పని. లాయర్లో, కుటుంబాలో మాకొక పేరు ఇస్తారు. జనన మరణ రిజిస్టర్లు, ఓటర్ల జాబితాలు, ఓడ ప్రయాణికుల పట్టీలు తిరగేసి ఆ పేరు గల మనిషి ఏమయ్యాడో, అతని వాళ్ళెవరైనా ఉన్నారో మేం తేల్చాలి. శ్రీకాకుళంలో మా వాళ్ళకు నేను "చుట్టాల్ని వెతికే ఉద్యోగం" అని చెప్పేవాణ్ణి. ఉన్న చుట్టాలతోనే వేగలేకపోతున్నాం, కొత్తవాళ్ళను కూడా వెతుకుతావా అని వాళ్ళు నవ్వేవారు.

ఆ ఫైలు పంపినావిడ పేరు బ్రిజిడ్ మోరన్. ఐర్లండ్ పడమటి తీరంలో ఒక చిన్న పట్నంలో ఉంటారు. ఎనభై మూడేళ్ళ అవివాహిత, విశ్రాంత ఉపాధ్యాయిని. ఆవిడ తాత, తండ్రి, చిన్నాన్న ముగ్గురూ ఆ ఊళ్ళో సొలిసిటర్లు. సొలిసిటర్ అంటే కోర్టులో నిలబడి వాదించే లాయరు కాదు. వీలునామాలు, పొలాల దస్తావేజులు, హద్దుల తగాదాలు చూసే లాయరు. ఆ చిన్నాన్నే డెనిస్. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు, బ్రిజిడ్ గారు చిన్నపిల్లగా ఉండగా, ఒక వసంతకాలంలో ఆఫీసు వదిలి ఆస్ట్రేలియా ఓడ ఎక్కాడు. ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఆయన పేరెత్తలేదు. ఎందుకు వెళ్ళాడో ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు. తల్లిదండ్రులూ అన్నదమ్ములూ పోయారు. వంశంలో తానే చివరి మనిషినని ఆవిడ నమ్మకం. అయినా ఒకసారి వెతికి చూడమని అడిగారు. ఏప్రిల్ చివరలో తుంటి ఎముకకు ఆపరేషన్ ఉందనీ, వీలైతే దానికి ముందే ఏదో ఒకటి తెలిస్తే బాగుంటుందనీ ఉత్తరం చివర రాశారు.

మాకంటే ముందు వేరే పరిశోధకుడు రెండేళ్ళు ఈ పని మీద ఉన్నాడు. డెనిస్ మెల్‌బోర్న్‌లో ఒక న్యాయవాదుల ఆఫీసులో గుమాస్తాగా చేరినట్టు అతను పట్టుకున్నాడు. అక్కడితో జాడ తెగిపోయింది. మిగిలిన ఆధారం ఒక్కటే: డెనిస్ అన్నగారికి రాసిన ఉత్తరంలో చివరి కాగితం. మొదటి కాగితం లేదు కాబట్టి తేదీ లేదు, చిరునామా లేదు. అందులో ఒక వాక్యం ఇది: "సిమాచెల్లం లేకపోతే ఈ ఎండలకు నేను బతికి ఉండేవాణ్ణి కాను." పాత పరిశోధకుడు పటం చూశాడు. విశాఖపట్నం పక్కన కొండ మీద సింహాచలం కనిపించింది. డెనిస్ ఇండియా వెళ్ళి చల్లని కొండ ప్రాంతంలో స్థిరపడ్డాడని తేల్చుకుని, అక్కడి చర్చిలకూ కలెక్టరు ఆఫీసుకూ ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడు.

ఆ వాక్యం చదివి నేను గట్టిగా నవ్వాను. పక్క గదిలోంచి మా మేనేజరు తొంగి చూశాడు. "ఇది ఊరు కాదు, మనిషి," అని చెప్పాను. మా సొంత మేనత్త పేరు సింహాచలం. మా వైపు ఆ పేరు మగవాళ్ళకూ పెడతారు, ఆడవాళ్ళకూ పెడతారు. ఎండదెబ్బ తగలకుండా వేళకింత గంజీ మజ్జిగా ఇచ్చి కాపాడే సింహాచలం మటుకు ఆడమనిషే అయి ఉండాలని నా ఊహ.

ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో తెలుగు ఆడపడుచులు దాదాపు ఉండేవారు కారు. తెల్లవారిని తప్ప ఈ దేశం రానిచ్చేది కాదు. కానీ ఫిజీ దీవుల్లో ఉండేవారు. చెరకు తోటల పనికి ఒప్పందం కూలీలుగా మా జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళ పిల్లలూ మనవలూ అక్కడే ఉన్నారు. సిడ్నీ నుంచి ఫిజీకి వెళ్ళిన ఓడల పట్టీలు వారం రోజులు చూశాను. ఒకదానిలో దొరికాడు: డి. మోరన్, లా క్లర్కు, పుట్టింది ఐర్లండ్. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో జిలేబీ కొన్నాను.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఫిజీ రికార్డుల్లో మోరన్ పేరుతో పెళ్ళి లేదు, పిల్లల్లేరు. జనన సూచిక అంటే పేర్లు మాత్రమే ఉండే జాబితా. ఏదైనా పేరు పనికొస్తుందనిపిస్తే ఆ పుట్టుక తాలూకు పూర్తి నమోదు విడిగా తెప్పించుకోవాలి. తల్లి పేరు సింహాచలం అని ఉన్నవి సూచికలో ఆరు కనిపించాయి. ఆరుగురు బిడ్డల తండ్రులవీ తెలుగు పేర్లే. నాయుడు, అప్పలసామి, మారన్న, ఇలా. ఐరిష్ వాడు ఒక్కడూ లేడు. మార్చి నెలంతా అలాగే గడిచింది. ఆపరేషన్ అనుకున్నదానికంటే వారం ముందే చేస్తారని బ్రిజిడ్ గారి నుంచి చిన్న కబురు వచ్చింది. తొందర పెట్టడం లేదని కూడా రాశారు. అది చదివితే ఇంకా తొందర పుట్టింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఆరు పేర్ల కాగితం భోజనాల బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ సుజాత కూరగాయలు తరుగుతూ అటు చూసింది.

"ఏవండీ, ఒంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, మారన్న అని ఇంటిపేరు గళ్ళో రాశారేంటి? అది ఒంటిపేరు కదా!"

"గుమాస్తా తారుమారు చేసి ఉంటాడు."

"మరి మిగతా అయిదూ సరిగ్గానే రాశాడే."

కాగితం దగ్గరకు లాక్కుని మళ్ళీ చూశాను. ఇన్నేళ్ళ అనుభవంలో ఎప్పుడూ చేయని పొరపాటు చేశాను. మారన్న అనే పేరు మా ఊళ్ళో వీధికొకటి వినిపిస్తుంది కాబట్టి దాని దగ్గర ఆగకుండా వెళ్ళిపోయాను. మర్నాడే పూర్తి నమోదు అడిగాను. పది రోజులకు నకలు వచ్చింది. బిడ్డ పేరు అప్పన్న. తల్లి సింహాచలం. తండ్రి డెనిస్, లా క్లర్కు, జన్మస్థలం ఐర్లండ్. వివరాలు చెప్పినవారు: తల్లి తమ్ముడు. ఆ తమ్ముడు బావగారి ఇంటిపేరును మా వైపు పేర్ల తీరులో "మోరన్న" అని పలికి ఉంటాడు. గుమాస్తా దాన్ని తనకు తెలిసిన మారన్న చేశాడు.

ఫిజీ నుంచి భారతీయ కుటుంబాలు చాలా వరకు తరవాత ఆస్ట్రేలియా వచ్చేశాయి కాబట్టి ముందు ఇక్కడే చూశాను. మారన్న ఇంటిపేరుతో మెల్‌బోర్న్ ఓటర్ల జాబితాలో ఒక్క కుటుంబమే ఉంది. క్రెయిగీబర్న్‌లో, మా ఇంటికి కారులో పాతిక నిమిషాల దూరం. మా వృత్తిలో ఒక నియమం ఉంది. మొదట ఉత్తరమే రాయాలి, ఫోను చేయకూడదు. మనకు తెలిసింది చెప్పకుండా వాళ్ళకు తెలిసింది అడగాలి. లేకపోతే మనం చెప్పిన కథనే వాళ్ళు మనకు తిరిగి చెబుతారు. నాలుగు వాక్యాల ఉత్తరం పంపాను. గురువారం ఫోను మోగింది.

"నాను అప్పన్ననండి. రిటైర్డ్ బస్ డ్రైవర్ని. మీరు తెలుగోలేనా?"

అవునన్నాను. తండ్రిగారి గురించి చెప్పమని అడిగాను.

"మానాన తెల్లోడండి, ఐరిష్ లాయరు. అందరూ మోరన్న మోరన్న అనీవోరు. మాయమ్మ కూడా అలగే పిలిసీది. సర్టిఫికెట్‌లో ఎలగ రాసేరో మాకేటి తెలుసు, స్కూల్లో అదే కంటిన్యూ అయిపోనాది."

శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. అప్పన్న గారిది డెబ్భై ఏళ్ళ నిండు విగ్రహం. తండ్రి న్యాయశాస్త్ర పుస్తకం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. లోపలి అట్ట మీద ఐర్లండ్ ఆఫీసు ముద్ర, కింద సంతకం. నా దగ్గరున్న ఉత్తరం చేతిరాతతో అక్షరం అక్షరం పోల్చి చూశాను. ఒకే చెయ్యి. డెనిస్ ఫిజీలో చెరకు రైతులకు అర్జీలు రాసి పెట్టేవాడట. సింహాచలం తండ్రి కౌలు కాగితం కోసం వచ్చి, నెల తిరగకుండా అల్లుణ్ణి చేసుకున్నాడట. డెనిస్ అక్కడే పోయాడు. ఆ తరవాత, పంతొమ్మిది వందల ఎనభై ఏడులో ఫిజీ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన గొడవల అనంతరం, కుటుంబం మెల్‌బోర్న్ వచ్చింది. ఇప్పుడు అప్పన్న గారికి ముగ్గురు కూతుళ్ళు, ఏడుగురు మనవలు.

ఆ సాయంత్రమే వీడియో కాల్ ఏర్పాటు చేశాను. ఐర్లండ్‌లో అప్పుడు ఉదయం తొమ్మిది గంటలు. ఆపరేషన్‌కు ఇంకా మూడు రోజులుంది. బ్రిజిడ్ గారు చెవులకు ముత్యాల దుద్దులు పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఇటు ఒక సోఫా మీద పన్నెండు మంది ఇరుక్కున్నారు. పెద్ద మనవరాలు లీలా నన్ను అడిగింది: "వెయిట్, అంకుల్, సో షీ ఈజ్ తాతాస్ కజిన్?"

తెలుగులో పెదనాన్న కూతురు కజిన్ కాదు, అక్క అని చెప్పాను. అప్పన్న గారు తెర దగ్గరకు జరిగి "అక్కా" అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటని బ్రిజిడ్ గారు అడిగారు. చెప్పాక ఇంకోసారి అనమన్నారు. ఈసారి పిల్లలతో సహా అందరూ కలిసి అరిచారు. ఆవిడ నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

తన చిన్నాన్న ఎందుకు వెళ్ళిపోయాడో తెలుసా అని ఆవిడ నెమ్మదిగా అడిగారు. అప్పన్న గారికి తెలుసు. తండ్రి చాలాసార్లు చెప్పాడట. ఒక వితంతువు పొలానికి వెళ్ళే దారిని పెద్ద రైతు ఒకడు మూసేశాడు. ఆ రైతు మోరన్ల ఆఫీసుకు పాత క్లయింటు. డెనిస్ మటుకు ఆ వితంతువు తరఫున కాగితాలు రాసి గెలిపించాడు. అన్నగారు గుమ్మం మీది ఫలకం నుంచి తమ్ముడి పేరు తీయించాడు.

బ్రిజిడ్ గారు ఒక్కసారిగా పగలబడి నవ్వారు. ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉందనీ, తుంటి నొప్పి రాకముందు వరకూ ఉదయం నడకకు తాను రోజూ ఆ దారినే వెళ్ళేదాన్ననీ చెప్పారు. లీలా వెంటనే, ఆపరేషన్ అయ్యాక మనిద్దరం కలిసి నడుద్దామంది. అన్నట్టే సెప్టెంబరులో తాతతో కలిసి వెళ్ళింది కూడా. ముగ్గురూ ఆ దారిలో నిలబడి తీసుకున్న ఫొటో నాకు పంపారు. బ్రిజిడ్ గారి చేతిలో కర్ర ఉంది కానీ ఆవిడ దాన్ని ఆనుకోలేదు.

ఈ కేసులో తెలుగు నాకు ఒక తలుపు తీసింది, ఇంకో తలుపు మూసింది. వింతగా కనిపించే పేరు దగ్గర ఏ పరిశోధకుడైనా ఆగుతాడు. నేను నేర్చుకున్నది, తెలిసిన పేరు దగ్గర ఆగడం. సర్వీసులో మిగిలిన కాలమంతా పూర్తి నమోదు తెప్పించకుండా ఏ పేరునూ పక్కన పెట్టలేదు. నా తరవాత వచ్చినావిడకు ఫైళ్ళు అప్పగించినప్పుడు కూడా ముందుగా చెప్పింది అదే.